కత్తెరత్త కుర్చీలో చెప్పిన మాట

ఒక మనిషి మీద ఓ కన్నేసి ఉంచడం అంటే ఏమిటో ఆ ఇంట్లో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. అయినా ఆ ఉదయం టీలు చల్లారిపోయేదాకా దాని మీదే చర్చ జరిగింది. అమ్మది ఇంగ్లీషు సీరియళ్ళకి తెర అడుగున తెలుగు మాటలు రాసే పని. రెండు వరుసలకి మించకూడదు, చదివేవాళ్ళు కన్నార్పేలోగా మాయమైపోవాలి, అయినా ఏడిపించాల్సిన చోట ఏడిపించాలి. భోజనాల బల్లకి ఓ చివర, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఏళ్ళ తరబడి అదే పని చేస్తోంది.

ఆ రోజు సీరియల్లో ఒక తండ్రి తన కూతురి గురించి పోలీసాయనతో ‘కీప్ ఎన్ ఐ ఆన్ హర్’ అన్నాడు. దాన్ని తెలుగులో ఏమనాలో ఎంతకీ తెగక, అమ్మ హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చి ఇంటిల్లిపాదినీ పనిలోకి దించింది. కాపలా కాయమంటే సరిపోతుందన్నాడు నాన్న, రొట్టెకి వెన్న రాసుకుంటూ. కాపలా గోడౌన్లకి కాస్తారు గానీ ఆడపిల్లలకి కాదని అమ్మ కొట్టిపారేసింది. నిఘా పెట్టమంటే పిల్ల దొంగైపోతుందట. కనిపెట్టుకుని ఉండమంటే మంచాన పడ్డ ముసలమ్మకి సేవ చెయ్యమన్నట్టుంటుందట. చూస్తూ ఉండమంటే చేతులు కట్టుకుని నిలబడమన్నట్టే కదా అని తనే అని, తనే కొట్టేసింది.

“వాళ్ళకి అన్నిటికీ ఆ ఒక్క మాటే,” అంది అమ్మ. “పొయ్యిమీద పాలకీ అదే, స్టేషన్లో పెట్టెకీ అదే, జబ్బుపడ్డ పిల్లకీ అదే, అనుమానం ఉన్నవాడికీ అదే. ప్రేమతో అన్నాడో అనుమానంతో అన్నాడో మాటలో దొరకదు. అన్నవాడి మొహం చూసి తెలుసుకోవాలి.”

“ఈయన మొహంలో ఏముంది మరి?” అని అడిగింది కూతురు, చెప్పుల బెల్టు బిగించుకుంటూ.

“రెండూ ఉన్నాయి. అదే చిక్కు.”

“ఓ కన్నేసి ఉంచండి అని రాయమ్మా. రెంటికీ పనికొస్తుంది.”

అమ్మ అక్షరాలు లెక్కచూసుకుంది. సరిగ్గా అమరింది. ఇంత చదువుకుని ఇంత అనుభవం పెట్టుకుని తనకి తట్టలేదేమిటని మురిసిపోతూ, టైపు చేసేసింది. కూతురు బ్యాగు భుజాన వేసుకుని, సాయంత్రం కాస్త ఆలస్యమవుతుందని చెప్పి మెట్లు దిగింది. ఆ మాట ఎవరి కోసం వెతికిపెట్టిందో పాపం ఆ పిల్లకి అప్పుడు తెలియదు.

ఆ అమ్మాయి పనిచేసేది నదుల మ్యాపులు తయారుచేసే ఆఫీసులో. పడవ మీద తిరిగేవాళ్ళు నదిలో ఎక్కడెక్కడ ఎంత లోతుందో కొలిచి అంకెలు పంపిస్తారు. ఇక్కడ కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఆ అంకెల్ని మ్యాపు మీదకి ఎక్కిస్తారు. ఇసుక మేటలు ఎక్కడున్నాయో, ఓడ ఎక్కడ తట్టుకుంటుందో ఆ పిల్లకి కంఠతా వచ్చు. ఆ నీళ్ళలో కాలు మాత్రం ఏనాడూ పెట్టలేదు. ఆరు నెలలు పడవ మీద ఉండి కొలిచే పని ఒకటి ఏడాదికోసారి ఖాళీ అవుతుంది. దాని మీద ఆ పిల్లకి ప్రాణం.

పోయినేడు ఆ పనికి పేరిచ్చింది కూడా. ఇంట్లో ఇంకా చెప్పనే లేదు, సరిగ్గా అదే వారం అమ్మ మోకాలు పట్టేసింది. ఉండేది మూడో అంతస్తు. నాన్న ఊళ్ళో వాళ్ళ లిఫ్టులన్నీ బాగుచేస్తాడు గానీ వాళ్ళ భవనానికి లిఫ్టు లేదు. ఒక్కో మెట్టూ పట్టుకుని అమ్మ మూలుగుతుంటే చూడలేక, పిల్ల వెళ్ళి పేరు వెనక్కి తీసుకుంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నెల తిరిగేసరికి మోకాలు నెమ్మదించింది, పడవ వెళ్ళిపోయింది. ఇప్పుడు మళ్ళీ పిలుపొచ్చింది. వచ్చే సోమవారంలోగా ఔననో కాదనో చెప్పాలి. ఈసారి కూడా కాదంటే ఇక తనని అడగరని పిల్లకి తెలుసు.

ఈ సంగతులన్నీ తెలిసిన మనిషి ఒక్కతే. నాన్న చెల్లెలు. అదే భవనంలో కింద ఆమెకి జుట్టు కత్తిరించే షాపు ఉంది. వీధి వీధంతా ఆమెని కత్తెరత్త అనే పిలుస్తుంది, వరసలు కలవనివాళ్ళు కూడా. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళకల్లా కత్తెర చూపించి నవ్వేది. చివరికి అడిగేవాళ్ళే అలిసిపోయారు. మేనకోడలంటే మాత్రం ఆమెకి అరచేతిలో పెట్టుకున్నంత అపురూపం. మెడ చుట్టూ నల్లగుడ్డ కట్టి, కుర్చీ పైకి లేపి, ఇక మొదలుపెట్టు కోడలా అనేది. పిల్ల మొదలుపెట్టేది. ఆఫీసులో ఎవరు ఏమన్నారో, రాత్రి ఏం కలొచ్చిందో, ఎందుకు ఏడుపొచ్చిందో, ఎందుకొచ్చిందో తెలియకపోతే అది కూడా చెప్పేది. అన్నీ విని అత్త గుడ్డ విప్పి గుమ్మం బయట గట్టిగా దులిపేది. ఈ గుడ్డ కింద చెప్పిన మాటలు జుట్టుతోపాటే పోతాయి, నా దగ్గర మిగలవు అనేది. పిల్ల నమ్మింది. నమ్మకేం చేస్తుంది? కడుపులో ఉన్నది కక్కుకోవడానికి ప్రతి మనిషికీ ఒక చోటు కావాలి. ఆ పిల్లకి ఆ కుర్చీ దొరికింది.

శనివారం మధ్యాహ్నం షాపులో జనం లేరు. పిల్ల కుర్చీలో కూర్చుంది. పడవ సంగతి తేల్చుకున్నానని, ఈసారి వెళ్తానని, ఇవాళ సాయంత్రం అమ్మతో చెప్తానని అంది. అత్త ఎడమవైపు కత్తిరిస్తూ ఊఁ కొట్టింది. అద్దం పైన గోడకి టీవీ ఉంది. జుట్టు ఆరబెట్టే మిషన్ల హోరులో ఏమీ వినిపించదు కనుక దాని గొంతు ఎప్పుడూ నొక్కేసే ఉంటుంది. వచ్చినవాళ్ళు కింద మాటలు చదువుకుంటారు. మా వదిన రాసినవే అని అత్త అందరికీ గొప్పగా చెప్పుకునేది.

తెర మీద పోలీసాయన, ఒక ముసలి తండ్రి. ఓ కన్నేసి ఉంచండి అన్న మాట వచ్చిపోయింది. అది నా మాటే అని పిల్ల నవ్వుతూ అత్తకి చూపించింది. తర్వాత ఆ సీరియల్లోని కూతురు కిటికీ దగ్గర నిలబడి ఏదో అంది. ఆమె మొహం కింద రెండు వరుసలు వచ్చాయి.

‘మా ఇంట్లో అందరూ నన్ను గాజుగ్లాసులా పట్టుకుంటారు.
గ్లాసుక్కూడా ఒక్కసారి కింద పడాలనిపిస్తుంది.’

అవి వచ్చినంత వేగంగానూ పోయాయి. పిల్ల నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. ఆ మాట తనది. పోయినేడు పేరు వెనక్కి తీసుకున్న రోజు ఇదే కుర్చీలో కూర్చుని, వెక్కి వెక్కి ఏడుస్తూ అన్న మాట. తను ఎక్కడా రాసుకోలేదు, ఇంకెవరితోనూ అనలేదు. ఒక పోలిక ఇంకో మనిషికి కూడా తట్టే అవకాశం లేదా అని ఆ క్షణంలో తనకి తాను సర్దిచెప్పుకుని ఉండేదేమో. కానీ వెనకాల కత్తెర ఆగిపోయింది. అద్దంలో చూస్తే అత్త కూడా టీవీ వైపే చూస్తోంది, మొహంలో నెత్తురు చుక్క లేదు.

“అత్తా,” అంది పిల్ల.

అత్త దువ్వెన తీసి గిన్నెలో వేసింది, మళ్ళీ తీసింది. ఆ తడబాటు చాలు, ఇంకేమీ అడగక్కర్లేకపోయింది. పిల్ల కుర్చీ దిగి, మెడకి గుడ్డ ఉండగానే, ఎడమవైపు జుట్టు చెవి దగ్గరికీ కుడివైపు జుట్టు భుజం మీదకీ ఉండగానే, మెట్లెక్కి పైకి పోయింది.

ఇంట్లో నాన్న రొట్టెలు కాల్చే మిషన్ విప్పి బల్ల మీద పరుచుకుని ఉన్నాడు. అమ్మ హెడ్‌ఫోన్లతో పనిలో ఉంది. కూతురి అవతారం చూసి నవ్వబోయి, మొహం చూసి ఆగిపోయింది.

“గాజుగ్లాసు మాట నీకెవరు చెప్పారమ్మా?”

ఏ గాజుగ్లాసు అని అమ్మ అడగలేదు. అడిగి ఉంటే పిల్లకి ఇంకా ఎక్కడో ఆశ ఉండేది. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, ఆ తీగని సరిచేస్తూ కూర్చుంది. తర్వాత మెల్లగా, అక్కడ ఇంగ్లీషులో చాలా మామూలు మాట ఉందని, అందరూ నాతో మరీ జాగ్రత్తగా ఉంటారు అన్నంత మాత్రమే ఉందని, తనకి మాత్రం తెర మీద ఆ పిల్ల మొహం చూస్తే ఇంకో మాట రాలేదని చెప్పింది. ఆ వాక్యం ఏడాదిగా తన బుర్రలోంచి కదలడం లేదట. వేళ్ళు వాటంతట అవే కొట్టేశాయట.

“నేను అది నీతో అనలేదు కదా.”

“లేదు.”

“అత్త ఎప్పట్నించీ చెప్తోంది నీకు?”

అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న చేతిలో ఉన్న మరమేకుని పరీక్షగా చూస్తున్నాడు, అదేదో కొత్తగా కనిపెట్టిన వస్తువైనట్టు. అది చూసి పిల్ల నీకూ తెలుసా నాన్నా అని అడిగింది. ఆయన తల ఎత్తలేదు. ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్ళూ, ముగ్గురికీ అన్నీ తెలుసు. తనొక్కతే రహస్యాలు దాచుకుంటున్నాననుకుంటూ ఇన్నాళ్ళూ ఈ బల్ల దగ్గర తింటోంది, నవ్వుతోంది. తను ఏదైనా చెప్పబోయేముందే అమ్మ దానికి జవాబు సిద్ధంగా పెట్టుకుని ఉండడం, ఏడ్చిన మర్నాడు తనకిష్టమైన సూపు బల్ల మీద ఉండడం, మా అమ్మకి నా మనసు ఎలా తెలుస్తుందో అని ఆఫీసులో గొప్పలు పోవడం, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. తల కొట్టేసినట్టయింది.

అప్పుడు ఇంకొకటి తట్టింది. తట్టకుండా ఉంటే బాగుండేది.

“మోకాలు,” అంది.

నాన్న చేతిలోని మరమేకు బల్ల మీద పెట్టేశాడు.

“పోయినేడు నేను పడవకి పేరిచ్చానని అత్తకి చెప్పాను. ఆ వారమే నీ మోకాలు పట్టేసింది. నిజంగా నొప్పేనా అమ్మా అది?”

“నొప్పి ఉంది,” అంది అమ్మ.

“ఎంత?”

అమ్మ మోకాలి మీద చెయ్యి వేసుకుంది. “కొంచెం,” అంది.

పిల్ల నవ్వింది. ఆ నవ్వు వినలేక నాన్న లేచి నిలబడ్డాడు, ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. ఆ కొంచెం నొప్పి కోసం తను ఆఫీసుకి వెళ్ళి, ఇంట్లో కుదరదండీ అని చెప్పి, తలుపు బయటికొచ్చి ఏడ్చింది. రాత్రుళ్ళు లేచి ఆ మోకాలికి వేడినీళ్ళ కాపడం పెట్టింది. ప్రతి మెట్టు దగ్గరా చెయ్యి అందించింది. ఆ చెయ్యి పట్టుకుని దిగుతూ ఈవిడకి లోపల ఏమనిపించి ఉంటుంది? గొంతు పెంచకుండానే ఇవన్నీ ఒక్కొక్కటీ అడిగింది పిల్ల. అరిచి ఉంటే అమ్మకి తేలికయ్యేది.

ఇంతలో కత్తెరత్త ఆయాసపడుతూ గుమ్మంలోకి వచ్చింది. చేతిలో కత్తెర అలాగే ఉంది. తను ఎవరికో ఉప్పందించలేదని, కన్నతల్లికి చెప్పానని, వదిన రోజూ దిగివచ్చి పిల్ల ఎలా ఉంది అని కళ్ళలోకి చూస్తూ అడుగుతుంటే లేదని ఎలా అంటానని ఏకరువు పెట్టింది. నీ మేలు కోరే కదే కోడలా అంది.

“నేను నీకు చెప్పుకున్నానత్తా,” అంది పిల్ల, మెడ నుంచి నల్లగుడ్డ విప్పి ఆమె చేతిలో పెడుతూ. “దులిపేస్తానన్నావు.”

అత్త ఆ గుడ్డ పట్టుకుని గోడకి చేరబడింది.

అప్పుడు అమ్మ మాట్లాడింది. ఆరేళ్ళ క్రితం సంగతి ఎత్తింది, ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని సంగతి. పిల్లకి పద్దెనిమిది నిండే ఏడు తిండి మానేసింది. మానేసినట్టు ఎవరికీ తెలియనివ్వలేదు. ఓ రోజు కాలేజీ మెట్ల మీద పడిపోతే ఆసుపత్రిలో చేర్చారు, చాలా రోజులు ఉంచేశారు. పంపించే రోజున డాక్టరమ్మ చేతి సంచి సర్దుకుంటూ, ఇక భయం లేదు, ఓ కన్నేసి ఉంచండి అంది.

“అంతే అంది. ఎన్నాళ్ళు అని చెప్పలేదు. నేను అడగలేదు,” అంది అమ్మ. “ఇవాళ్టితో చాలు అని నాకెవరు చెప్తారే? ఏ రోజు ఆపెయ్యాలి నేను?”

“నన్నే అడగొచ్చు కదా, ఎలా ఉన్నావని.”

“అడిగేదాన్ని. ఆ ఏడంతా రోజూ అడిగాను. తిన్నావా అంటే తిన్నానన్నావు. వడ్డించుకుని, తీసుకెళ్ళి ఎక్కడ పారేసేదానివో, కంచం మాత్రం కడిగి బోర్లించేదానివి. తడి కంచం చూసి నేను నమ్మేదాన్ని. పక్క గదిలో కూర్చుని ఎవరో ఊహించి రాసిన మనుషుల మాటలు వింటూ, నా పిల్ల ఎండిపోతుంటే తడి కంచం చూసి తృప్తిపడ్డాను. ఆ తర్వాత నువ్వు బాగున్నానంటే నా చెవి ఒప్పుకోలేదు. ఇంకెవరైనా చెప్తేనే నాకు నిద్ర పట్టేది.”

చెప్పి, అమ్మ మొహం రెండు చేతుల్లో పెట్టుకుని ఏడ్చేసింది. నాన్న ఆమె వీపు మీద చెయ్యి వేశాడు. పిల్ల అక్కడే నిలబడి ఉంది. తడి కంచం సంగతి అమ్మకి తెలుసునని తనకి తెలియదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అయినా కోపం తగ్గలేదు. సిగ్గూ కోపమూ ఒకేసారి ఉండడం ఎంత కష్టమో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

“అప్పుడు అబద్ధమాడాను, నిజమే,” అంది చివరికి. “ఎవరికీ నిజం చెప్పడం చేతకాక అంత దూరం పోయాను. ఆసుపత్రి నుంచి వచ్చాక నిజం చెప్పడం ఒకే ఒక్కచోట నేర్చుకున్నానమ్మా. కింద ఆ కుర్చీలో. ఇప్పుడు ఎక్కడ చెప్పుకోమంటావు నన్ను?”

అమ్మ చేతుల్లోంచి మొహం తీసి చూసింది. పిల్ల చచ్చిపోకుండా చూడాలన్న ఆరాటంలో, పిల్ల బతకడానికి పట్టుకున్న కొమ్మనే తను పుటుక్కున విరిచేసిందని అప్పుడు బోధపడింది. పిల్ల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మర్నాడు వీధికి అవతలిపక్క ఉన్న ఇంకో షాపులో కూర్చుని మిగతా సగం జుట్టు కత్తిరించుకుంది పిల్ల. కత్తెరత్త తన గుమ్మంలోంచి అద్దాల అవతల ఆ తల కనబడినంతసేపూ చూసి, లోపలికి పోయి, ఆ రోజు ఇంకెవరికీ జుట్టు కత్తిరించలేదు. సోమవారం పిల్ల ఆఫీసులో ఔనని చెప్పేసింది. ఇంటికొచ్చి, వచ్చే నెల మొదట్లో బయల్దేరుతున్నాను అని ముగ్గురికీ వినబడేలా ఒక్క మాట అంది. ఎవరూ వద్దనలేదు. అమ్మ మోకాలు కూడా నోరు మూసుకుంది. ఆ నెలంతా అమ్మ చిన్నపిల్లలా చకచకా మెట్లెక్కుతూ దిగుతూ ఉండేది, అది చూసినప్పుడల్లా పిల్లకి ఒళ్ళు మండేది.

ఒక సాయంత్రం అమ్మ కిందికి దిగితే, అలవాటు కొద్దీ కత్తెరత్త కుర్చీ జరిపి, గొంతు తగ్గించింది. ఎదురు షాపు అమ్మాయి చెప్పిందట, పిల్ల ఆ రోజు జుట్టు కత్తిరించుకుంటూ ఏదో అన్నదట. ఏమన్నదో చెప్పడానికి నోరు తెరిచింది. అమ్మకి వినాలని ప్రాణం కొట్టుకుపోయింది. పిల్ల ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడి అప్పటికి మూడు వారాలు. ఒక్క ముక్క, ఎలాంటి ముక్కైనా సరే, చెవిన పడితే చాలనిపించింది.

“చెప్పకు,” అంది అమ్మ.

“అది కాదు వదినా, నీ గురించే...”

“నా గురించి అయితే అసలే చెప్పకు.”

అంతటితో ఊరుకోలేదు. ఇన్నాళ్ళూ అడిగి అడిగి నీ చేత తప్పు చేయించింది నేనే అని ఆడపడుచు చెయ్యి పట్టుకుని అంది. కత్తెరత్త కళ్ళు తుడుచుకుని, నన్ను క్షమిస్తుందంటావా అని అడిగింది. తనకే తెలియని సంగతికి అమ్మ ఏమని భరోసా ఇస్తుంది?

బయల్దేరే ముందురోజు పిల్ల పెట్టె సర్దుకుంటుంటే అమ్మ వచ్చి గది తలుపు తట్టింది. ఆ ఇంట్లో పిల్ల గదికి తలుపు తట్టి వెళ్ళడం అదే మొదలు. లోపలికి రమ్మన్నాక కూడా గడప దగ్గరే నిలబడింది. చెప్పాలనుకున్నవి పొద్దుటి నుంచీ మనసులో రాసుకుంది, కొట్టేసింది. రెండు వరుసల్లో ఎంత పెద్ద దుఃఖాన్నైనా పట్టించే మనిషికి సొంత మాట వచ్చేసరికి తడబాటు తప్పలేదు.

“నీ నోటితో నువ్వు చెప్పకుండా నేను తెలుసుకున్నవి చాలా ఉన్నాయి. అవి మర్చిపోవడం నా చేతిలో లేదు,” అంది. “మోకాలి విషయం మాత్రం నేను చేసిన మోసం. దానికి సాకు చెప్పను. ఇక మీదట నీ గురించి ఎవర్నీ అడగను. నువ్వు చెప్తేనే తెలుసుకుంటాను.”

“నేను చెప్పకపోతే?”

“తెలియకుండానే ఉంటాను.”

“ఉండగలవా?”

అమ్మ చాలాసేపు ఆలోచించింది. “ఏమో,” అంది.

ఉంటానని గభాల్న మాటిచ్చి ఉంటే పిల్ల నమ్మేది కాదు. ఆ ఏమోని నమ్మింది. నమ్మినట్టు పైకి కనబడనివ్వకుండా, పెట్టె మూత పడడం లేదు, కాస్త మీద కూర్చోమని అడిగింది. అమ్మ వచ్చి పెట్టె మీద కూర్చుంది. పిల్ల వంగి జిప్పు లాగింది. వాళ్ళిద్దరి మధ్యా ఆ పూటకి అంతకు మించి రాజీ ఏమీ కుదరలేదు. వెళ్ళేటప్పుడు నాన్నని కౌగిలించుకుంది, అమ్మ చెయ్యి పట్టుకుంది. కింద కత్తెరత్త గుమ్మంలో నిలబడి ఉంటే, వెళ్ళొస్తానత్తా అని మాత్రం అంది, ఆగలేదు.

పడవ మీద నుంచి ఆదివారాలు ఫోను చేసేది. మొదట్లో అన్నీ నీళ్ళ కబుర్లే. లోతులెలా ఉన్నాయో, ఇసుక ఎక్కడ జరిగిందో, మ్యాపు మీద తను ఎక్కించిన మేటని కళ్ళారా చూడడం ఎలా ఉందో చెప్పేది. అమ్మ ఎలా ఉన్నావు అనేది. బాగున్నాను అనేది పిల్ల. ఆ మాట చెవిలో పడగానే అమ్మకి లోపల పాత అనుమానాలన్నీ లేచి కూర్చునేవి. పడవ నడిపే పెద్దాయన నంబరు ఆఫీసు కాగితంలో ఉంది, నాన్న గోడకి అంటించాడు. ఎవరూ చూడనప్పుడు అమ్మ చాలాసార్లు ఆ గోడ దాకా వెళ్ళింది. ఓ రోజు తనే దాన్ని పీకి, నాన్న పనిముట్ల పెట్టె అడుగున పడేసి వచ్చింది.

మూడో నెలలో ఒక ఆదివారం సాయంత్రం, కత్తెరత్త కూడా పైనే ఉన్నప్పుడు, ఫోను మోగింది. అమ్మ ఎప్పటిలాగే ఎలా ఉన్నావు అంది. అవతల చప్పుడు లేదు. లైను పోయిందేమో అనుకుంది. నాన్న, అత్త ఆమె మొహంలోకి చూస్తున్నారు.

“బాగాలేదమ్మా,” అంది పిల్ల.

అమ్మ ఫోను రెండో చెవికి మార్చుకుంది. ఆ మాట కోసం ఆరేళ్ళు వీధంతా చెవులు పెట్టి కూర్చుంది. ఇప్పుడది పిల్ల నోటి నుంచే వచ్చింది. రైలు ఎప్పుడుందో, ఎన్ని గంటల ప్రయాణమో, ఎవరికి ఫోను చెయ్యాలో అన్నీ ఒక్కసారి బుర్రలోకి దూసుకొచ్చాయి. వాటన్నిటినీ అలాగే నిలబెట్టి, “ఊఁ, చెప్పు,” అంది.

పిల్ల చెప్పింది. తిండి దగ్గర పాత భయం పది రోజులుగా మళ్ళీ తల ఎత్తుతోందట. ముందు దాచిపెడదామనుకుందట. రెండు రోజులు దాచింది కూడా. తర్వాత పడవలో వంటావిడ దగ్గరికి తనే వెళ్ళి, నేను కంచం ముందు పెట్టుకున్నప్పుడు నా పక్కన కూర్చుంటారా అని అడిగిందట. ఆవిడ ఎందుకని అడక్కుండా కూర్చుంటోందట. ఒడ్డున ఒక డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చిందట. ఇవాళ కాస్త నయమే గానీ, బాగున్నాను అని మాత్రం అనాలనిపించలేదంది.

“నువ్వు రానక్కర్లేదు. ఎవరికీ ఫోన్లు చెయ్యక్కర్లేదు. నీకు చెప్పాలనిపించింది, అంతే.”

“వింటున్నానే. ఇంకా చెప్పు.”

ఇంకా చాలాసేపు చెప్పింది. మధ్యలో ఏడ్చింది. అమ్మ ఒక్క ప్రశ్న వెయ్యలేదు, తిన్నావా అని కూడా అడగలేదు. చివర్లో, పై ఆదివారం వరకూ ఆగక్కర్లేదు, ఎప్పుడు చెయ్యాలనిపిస్తే అప్పుడు చెయ్యమంది. పిల్ల సరేనంది. అత్తని అడిగానని చెప్పు అని కూడా అంది.

ఫోను పెట్టేసేసరికి నాన్న లేచి నిలబడి ఉన్నాడు. ఏమంటోంది, అంతసేపు ఏం మాట్లాడింది, గొంతు ఎలా ఉంది అని అడిగాడు. కత్తెరత్త రెండు చేతులూ గుండె మీద పెట్టుకుని వదిన నోటి వైపే చూస్తోంది. అమ్మ కళ్ళనిండా నీళ్ళున్నాయి, వాటిని తుడుచుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

“నిన్ను అడిగానని చెప్పమంది,” అంది ఆడపడుచుతో.

“ఇంకా?” అన్నాడు నాన్న.

“మిగతాది నాతో చెప్పుకుంది,” అంది అమ్మ. “నేను చెప్పను.”